గ్రూపులో పనికొచ్చే జవాబు గుడ్ మార్నింగ్‌ల కింద పడిపోతోంది, ఏం చెయ్యాలి?

కాశీనగర్_కోడలు
మా ఊరి వాట్సాప్ గ్రూపు సంగతి ఇది. మొన్న రాత్రి మా వీధి చివర ఉండే ఒకావిడ మెసేజ్ పెట్టింది, పెరట్లో మా ఆయన్ని పాము కరిచింది, ఏం చెయ్యాలి అని. ఐదు నిమిషాల్లో గ్రూపు నిండిపోయింది. దండాలు పెట్టే బొమ్మలు, "ఏ పాము? ఫొటో పెట్టండి", "ఈ రోజు నాగుల చవితి కాదు కదా", పసరు పోసే ఆయన ఫోన్ నంబరు. "గాటు పైన తాడు గట్టిగా బిగించండి" అని ఒకాయన పెడితే దాని కింద బొటనవేళ్ళే బొటనవేళ్ళు.

ఈ గోలలో ప్రభుత్వాసుపత్రిలో పనిచేసే నర్సు ఒకావిడ రెండే లైన్లు రాసింది. తాడు కట్టొద్దు, కొయ్యొద్దు, కాలు కదపనివ్వకుండా వెంటనే పర్లాకిమిడి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి, 108కి ఫోన్ చెయ్యండి అని. దానికి ఒక్క లైకు. అదీ ఆవిడతో పనిచేసే అమ్మాయిదే. అడిగినావిడ ఆ మెసేజ్ చూడనే లేదు. పక్కింటివాళ్ళు ఆటో తెచ్చి లాక్కెళ్ళారు కాబట్టి మనిషి బతికాడు, ఇప్పుడు బాగానే ఉన్నాడు.

గ్రూపులో తెలిసినవాళ్ళు లేక కాదు, ఉన్నారు, చెప్పారు కూడా. ఆ మాట మాత్రం ఎవరికీ కనబడలేదు. మంచి జవాబు పైకి రావాలంటే మీ మీ ఊళ్ళ గ్రూపుల్లో ఏం చేస్తున్నారు? పెద్ద పెద్ద సైట్లలో ఏం చేస్తారో తెలిసినవాళ్ళు అదీ చెప్పండి.

బరంపురం_బుల్లోడు
అడ్మిన్ మాత్రమే రాసేలా సెట్టింగ్ పెట్టెయ్యండి. మా అపార్ట్‌మెంట్‌లో అదే చేశాం. ప్రశాంతం.

జైపూర్_చంద్రిక
బుల్లోడు బాబూ, అలా పెడితే ఆ నర్సమ్మ రాసిన రెండు లైన్లు కూడా ఉండేవి కావు. మీ అడ్మిన్‌కి పాముకాటు వైద్యం తెలుసా?

బరంపురం_బుల్లోడు
మా అడ్మిన్‌కి మోటారు ఎప్పుడు వెయ్యాలో కూడా తెలీదు. మీ మాట నిజమే గానీ ప్రశాంతంగా ఉంది మరి.

బల్లార్షా_జంక్షన్
మా ఊళ్ళో కాగితం మిల్లు ఉంది. జవాబులన్నీ కాగితం మీద రాసి బస్టాండ్ గోడకి అంటిద్దాం. ఫార్వర్డ్ చెయ్యలేరు, గులాబీ పువ్వు బొమ్మ పెట్టలేరు.

కిన్వట్_సిస్టర్
నేను కూడా నర్సునే. అసలు చర్చ పక్కకి వెళ్ళినా ఫర్వాలేదు, ముందు ఇది రాసెయ్యనివ్వండి. తాడు బిగిస్తే రక్తం ఆడక కాలే పోయే ప్రమాదం ఉంది. తాడు ఉంది కదా అని జనం తీరిగ్గా బయల్దేరతారు, అది ఇంకో నష్టం. పాము విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఒక్కటే మందు. మన దేశంలో ఇచ్చేది నాలుగు రకాల పాములకి కలిపి చేసింది: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర. కాబట్టి ఏ పామో తెలీకపోయినా వైద్యం మొదలవుతుంది. ఫొటో కోసం పాము వెంట పడకండి. కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్ళని కరిస్తే చాలాసార్లు నొప్పి ఉండదు, గాటు కూడా సరిగ్గా కనబడదు. తెల్లారేసరికి కనురెప్పలు వాలిపోతుంటే ఇంక ఆలోచించేది లేదు, ఆసుపత్రికే.

కాశీనగర్_కోడలు
సిస్టర్, ఇది స్క్రీన్‌షాట్ తీసి మా గ్రూపులో పెట్టాను. ఇప్పటికి మూడు లైకులు. పైన ఎవరిదో పెళ్ళిరోజు నడుస్తోంది.

రాయగడ_కోడర్
అక్కా, అసలు చిక్కు వాట్సాప్‌లోనే ఉంది. అక్కడ జవాబులు వచ్చిన టైము ప్రకారం వరుసగా పడతాయి. బాగున్నదాన్ని పైకి తెచ్చే దారి లేదు, తప్పుడుదాన్ని కిందికి నెట్టే దారీ లేదు. లైకు కొట్టినా మెసేజ్ ఉన్నచోటే ఉంటుంది.

ఓట్లతో పైకి తెచ్చే సైట్లు ఉన్నాయి కదా, అక్కడ కూడా ఇది తేలిగ్గా తెమల్లేదు. ఊరికే లైకులు లెక్కపెట్టి పేర్చారనుకోండి, ముందొచ్చినవాడిదే గెలుపు. ముందు కనబడుతుంది కాబట్టి లైకు, లైకు ఉంది కాబట్టి మళ్ళీ పైన. పోనీ శాతం చూద్దామా అంటే అదీ మోసమే. ఒక్కడు చూసి ఒక్కడే బాగుందన్న జవాబు నూటికి నూరు. వందమంది చూసి తొంభైమంది బాగుందన్నది నూటికి తొంభై. మొదటిదాన్ని పైన పెడతామా? తక్కువ మంది చెప్పినదాన్ని కాస్త అనుమానంగా చూసే లెక్క ఒకటి ఎడ్విన్ విల్సన్ అనే అమెరికా శాస్త్రవేత్త 1927లోనే ఇచ్చాడు. రెడ్డిట్ అనే చర్చల సైట్ వాళ్ళు 2009లో దాన్ని తీసుకుని కామెంట్లు పేర్చడం మొదలుపెట్టారు. దాంతో ఆలస్యంగా వచ్చినా మంచి జవాబుకి పైకి పాకే అవకాశం దొరికింది.

బల్లార్షా_జంక్షన్
82 ఏళ్ళు ఆగి వాడుకున్నారన్నమాట. మా రేషన్ కార్డు ఫైలు కంటే నయమే.

పర్లాకిమిడి_మాస్టారు
కోడర్ బాబు చెప్పిన లెక్క బాగుంది. కానీ ఓటు వేసేవాడికి విషయం తెలుసా లేదా అని ఆ లెక్క అడగదు. తాడు కట్టమన్న మెసేజ్‌కి బొటనవేళ్ళు ఎందుకొచ్చాయి? మా తాతల నాటి నుంచి విన్న మాట కాబట్టి. జనానికి ముందే తెలిసిన మాట చెబితే మెచ్చుకుంటారు. తెలియని మాట, అందులోనూ వాళ్ళ నమ్మకానికి ఎదురు చెప్పే మాట అంటే ఎవరూ లైకు కొట్టరు. మీ విల్సన్ లెక్క పెట్టినా ఆ రాత్రి తాడే గెలిచేది.

రాయగడ_కోడర్
ఒప్పుకోలేను మాస్టారూ. లైకు మాత్రమే ఉంటే తాడు గెలుస్తుంది. కిందికి నెట్టే బటన్ కూడా ఉంటే ఇద్దరు నర్సులు, ఒక మెడికల్ షాపాయన నొక్కినా తేడా వచ్చేది. ఆ బటన్ లేకపోవడమే తప్పు. యూట్యూబ్ కూడా 2021లో డిస్‌లైకుల అంకె దాచేసింది. వీడియో పెట్టిన వాళ్ళకి తప్ప ఎవరికీ కనబడదు. చూసేవాడికి ఇది తప్పుడు వీడియో అని తెలిసే దారి ఒకటి పోయింది.

కోరాపుట్_కాఫీ
కిందికి నెట్టే బటన్ మన గ్రూపులకి ఇస్తే ఏమవుతుందో నాకు తెలుసు. సర్పంచ్ ఎన్నికలప్పుడు అవతలి పార్టీవాడు వానొస్తోంది అని రాసినా కిందికి నెట్టేస్తారు.

ప్రాణహిత_ఒడ్డు
మాది మహారాష్ట్రల సిరోంచ. 2022 జులైలో గోదావరి, ప్రాణహిత రెండూ పొంగినప్పుడు మా గ్రూపు చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియలే. ఎక్కడెక్కడివో పాత వరద వీడియోలు, కొట్టుకుపోతున్న బర్రెలు, ఎవరో కట్ట తెగింది అని పెట్టిన పుకారు. మధ్యల ఒక చాపలు పట్టే అన్న గంటగంటకు నీళ్ళు ఏ మెట్టు కాడ ఉన్నయో రాస్తుండె. అంతే, ఒక లైను. ఫొటో లేదు, బొమ్మ లేదు. ఆయన మెసేజ్‌లు ఒక్కదాని కింద కూడా ఎవరూ ఏం రాయలే. పుకారు మాత్రం కాళేశ్వరం దాకా పోయి మళ్ళ మాకే తిరిగొచ్చింది.

తర్వాత మేం చేసిన పని ఏంటంటే, వానకాలం రాంగనే నీటి మట్టానికి వేరే గ్రూపు తెరుస్తం. అందులో ఊరి పేరు, టైము, నీళ్ళు ఎక్కడిదాకా వచ్చినయి, ఈ మూడే రాయాలె. వేరేది రాస్తే తీసేస్తం. మనిషిని తియ్యం, మెసేజ్ తీస్తం.

ధర్మాబాద్_మిర్చి
ఈ పద్ధతి మా మిర్చి వ్యాపారంలో ఎప్పటి నుంచో ఉంది. ధరల గ్రూపులో మార్కెట్ పేరు, తేదీ, రకం, ధర లేకుండా ఎవరైనా "రేటు పెరిగింది" అని రాస్తే ఆ మెసేజ్ ఉండదు. తేజ రకమా, బ్యాడిగి రకమా? ఏసీ గోదాములో దాచిన సరుకా, కొత్త సరుకా? గుంటూరా, ధర్మాబాదా? ఇవి లేని ధర ధరే కాదు. అప్పుడు మంచి మెసేజ్‌ని వెతికే పనే ఉండదు, మిగిలేవన్నీ అవే. లైకులు, ఓట్లు ఇవన్నీ చెత్త వచ్చాక ఏరుకునే పద్ధతులు.

జైపూర్_చంద్రిక
ధరకీ నీటి మట్టానికీ అది కుదురుతుంది మిర్చి గారూ, అక్కడ జవాబు ఒక అంకె. "మా అమ్మాయిని డిగ్రీకి విశాఖ పంపాలా, భువనేశ్వర్ పంపాలా" అని అడిగితే ఏ పట్టీ నింపిస్తారు?

ఇంకో మాట. ఎవరు చెప్పారన్నదాన్ని బట్టే లైకులు పడతాయి మన దగ్గర. ఒకసారి కరెంటు బిల్లులో పేరు మార్పించుకోవడానికి ఏయే కాగితాలు కావాలో నేను వివరంగా రాశాను. పలకరించినవాళ్ళు లేరు. మర్నాడు మా మరిది అదే మెసేజ్ కాపీ చేసి తన పేరుతో పెట్టాడు. "సూపర్ బ్రో", "చాలా ఉపయోగం అన్నా" అని వరుస కట్టారు. ఇంట్లో భోజనాల దగ్గర నాకే చూపించి మురిసిపోయాడు కూడా.

బరంపురం_బుల్లోడు
సూపర్ బ్రో.

జైపూర్_చంద్రిక
నీకు కూడా వడ్డించేదాన్నే, బరంపురం దూరం కాబట్టి బతికిపోయావు.

రాయగడ_కోడర్
చంద్రిక గారు చెప్పినదానికి దగ్గరి ప్రయోగం ఒకటుంది. 2013లో సైన్స్ పత్రికలో వచ్చింది. ఒక వార్తల సైట్‌లో లక్షకి పైగా కామెంట్లు తీసుకుని, ఏది మంచిదో ఏది కాదో చూడకుండా కొన్నిటికి రాగానే ఒక ఓటు కలిపారు, కొన్నిటికి ఒక ఓటు తీసేశారు. ఓటు తీసేసినవాటిని తర్వాతి జనం సరిచేసేశారు. ఓటు కలిపినవాటిని మాత్రం ఎవరూ సరిచెయ్యలేదు, అవి సగటున 25 శాతం ఎక్కువ మార్కులతో తేలాయి. మొదటి లైకు ఎవరు కొట్టారన్నదే సగం కథ. హ్యాకర్ న్యూస్ అనే టెక్నాలజీ చర్చల సైట్‌లో అయితే కామెంటుకి ఎన్ని పాయింట్లు వచ్చాయో పక్కవాళ్ళకి చూపించరు.

పర్లాకిమిడి_మాస్టారు
చూశారా, నేనన్నదే తిరిగి నాకు అంకెలతో చెబుతున్నాడు.

రాయగడ_కోడర్
సగం మాస్టారూ, సగమే ఒప్పుకున్నాను. గుంపు తప్పు చేస్తుందని ఓటే వద్దంటే ఇంక మిగిలేది అడ్మిన్ గారి అభిప్రాయం.

వంశధార_గట్టు
నేను చదువుకునే రోజుల్లో స్లాష్‌డాట్ అని ఒక సైట్ చూసేవాణ్ణి, 1997 నాటిది. అక్కడ లైకు బటన్ అందరికీ ఉండేది కాదు. సభ్యుల్లో కొందరిని సైటే ఎంచి కొన్ని రోజులు కొన్ని పాయింట్లు చేతికిచ్చేది. అవి అయిపోతే అంతే. కామెంటు మార్కులు మైనస్ 1 నుంచి 5 దాకా, అంతకు మించి ఎక్కదు. పాయింటు వేసేటప్పుడు ఎందుకేస్తున్నావో కూడా ఎంచుకోవాలి: సమాచారం ఉందా, ఆలోచన ఉందా, నవ్వొచ్చిందా. నవ్వొచ్చింది అంటే కామెంటు పైకి వెళ్తుంది గానీ రాసినవాడి పరపతి పెరగదు.

బల్లార్షా గారు అక్కడ ఉంటే పూర్తిగా దివాలా.

బల్లార్షా_జంక్షన్
నాకు పరపతి అక్కర్లేదు, చంద్రపూర్ ఎండాకాలంలో ఒక కూలర్ చాలు.

మోటు_సంగమం
మీరంతా రాసేవాళ్ళ గురించి మాట్లాడుతున్నారు. రాయనివాళ్ళ సంగతేంటి? మాది మల్కన్‌గిరి జిల్లా చివర, సీలేరు వచ్చి శబరిలో కలిసేచోటు. మా దగ్గర ఏ మాటకైనా తెలిసిన మనిషి అంటే పడవ నడిపే ఒక పెద్దాయన. ఆయన టైపు చెయ్యడు, వాయిస్ మెసేజ్ పెడతాడు. నాలుగు నిమిషాలుంటుంది. మొదటి నిమిషం దగ్గుతాడు, రెండో నిమిషం ఎవరినో తిడతాడు, మూడో నిమిషంలో అసలు విషయం. ఎవరు వింటారు?

కానీ ఆ మూడో నిమిషంలో ఏముంటుందో చూడండి. గోదావరి నీళ్ళు భద్రాచలం దగ్గర ఎంతున్నాయో కనుక్కోండి, 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. అది దాటిందంటే కూనవరం దగ్గర మన శబరి నీళ్ళని గోదావరి లోపలికి రానివ్వదు, వెనక్కి తంతుంది. ఇక్కడ చినుకు లేకపోయినా మన పొలాల్లోకి నీళ్ళొస్తాయి, సామాన్లు సర్దుకోండి అంటాడు. ఇంతకంటే పనికొచ్చే మాట ఆ వారం మొత్తంలో ఎవరూ చెప్పరు. లైకులు ఎన్నో తెలుసా? సున్నా. విన్నవాడే లేడు.

ఇప్పుడు డిగ్రీ చదివే ఒక పిల్ల ఆయన మెసేజ్ రాగానే విని రెండు లైన్లలో రాసి దాని కిందే జవాబుగా పెడుతోంది. అప్పటి నుంచి పెద్దాయన గ్రూపులో హీరో.

కాశీనగర్_కోడలు
ఇది చాలా బాగుంది. ఆ పిల్లకి ఎవరు చెప్పారు చెయ్యమని?

మోటు_సంగమం
ఎవరూ చెప్పలేదు. ఆయన మనవరాలే.

ప్రాణహిత_ఒడ్డు
మా దగ్గర ఇంకో కిరికిరి ఉంది. సిరోంచలో ఇంట్ల తెలుగు, బడిల మరాఠీ. మా తమ్ముని వయసోళ్ళకి తెలుగు మాట్లాడుడు వస్తది, చదువుడు రాదు. వాళ్ళు తెలుగునే దేవనాగరిల రాస్తరు, లేకుంటే ఇంగ్లీష్ అక్షరాలల్ల. మా నాయన తరం వాళ్ళు తెలుగు లిపి చదువుతరు. ఒక్క గ్రూపుల మూడు లిపులు. మంచి జవాబు తెలుగుల రాస్తే సగం మందికి అది గీతలు. అందుకే మా నీటి మట్టం గ్రూపుల అంకెలు ముందు రాస్తం. అంకెలకి లిపి గొడవ లేదు.

కోరాపుట్_కాఫీ
మా ఇంట్లో కూడా అంతే, పిల్లలు ఒడియా లిపి. ఇంకోటి గమనించారా, వెతికినప్పుడు కూడా దొరకవు. పర్లాకిమిడి అని ఒకరు, పర్లాఖెముండి అని ఒకరు, ఇంగ్లీష్ అక్షరాల్లో నాలుగు రకాలు. పోయిన ఏడాది ఎవరో చక్కగా చెప్పిన జవాబు గ్రూపులోనే ఉంటుంది, మనం వెతికే స్పెల్లింగ్‌కి చిక్కదు. మళ్ళీ అడుగుతాం. చెప్పినాయన విసుగొచ్చి ఈసారి చెప్పడు.

పర్లాకిమిడి_మాస్టారు
గిడుగు రామమూర్తి పంతులు గారు మా ఊళ్ళోనే పాఠాలు చెప్పారు. సవర నేర్చుకుని సవర పిల్లల కోసం పుస్తకాలు రాశారు. ఎదుటివాడికి అర్థమయ్యేలా రాయాలన్న మనిషి. ఇప్పుడు ఆయన ఊరివాళ్ళం ఒకరి మెసేజ్ ఒకరం చదవలేక బొటనవేలు చూపించుకుంటున్నాం.

బరంపురం_బుల్లోడు
మాస్టారి మెసేజ్‌కి బొటనవేలు పెడదామనుకుని ఆగిపోయాను.

నాగావళి_తీరం
ఇప్పటిదాకా చదువుతూ వచ్చాను. ఓట్లు, అడ్మిన్లు, పట్టీలు అన్నీ సరే. ఒక మనిషిని అందరూ మర్చిపోయారు: ప్రశ్న అడిగినవాళ్ళు. ఏ జవాబు నిజంగా పనిచేసిందో గ్రూపులో తెలిసేది ఆ ఒక్కరికే. మిగతావాళ్ళ లైకులన్నీ ఊహలు. కానీ మన గ్రూపుల్లో అడిగినవాళ్ళు పని అయ్యాక మళ్ళీ కనబడరు. "థాంక్యూ ఆల్" అని రెండు చేతులు జోడించి వెళ్ళిపోతారు. ఆ 'ఆల్'లో తప్పు చెప్పినవాడూ ఉన్నాడు, ఒప్పు చెప్పినవాడూ ఉన్నాడు.

మా రాయగడలో ఉద్యోగాల నోటిఫికేషన్ల గ్రూపు ఒకటుంది. అందులో ఒకటే నియమం పెట్టాం. సాయం అడిగినవాళ్ళు పని అయ్యాక వచ్చి ఎవరి మాటతో అయిందో ఆ మెసేజ్‌కే జవాబుగా రాయాలి. "ఈయన చెప్పినట్టు వెళ్ళాను, అయింది" లేదా "కాలేదు, వేరే కాగితం అడిగారు". దాంతో ఎప్పటి మెసేజో మళ్ళీ అందరి కళ్ళ ముందుకొస్తుంది. చెప్పినాయనకీ హుషారు. రెండోసారి అడగకుండానే చెబుతాడు.

రాయగడ_కోడర్
మీది మా ఊరేనా! స్టాక్ ఓవర్‌ఫ్లో నడిచేది కొంతవరకు దీని మీదే. 2008లో మొదలైంది, ప్రోగ్రామర్ల ప్రశ్నలకి. అడిగినవాడు తనకి పనిచేసిన జవాబుకి పచ్చ టిక్ పెడతాడు. చాలా ఏళ్ళు ఆ టిక్ ఉన్నదే అన్నిటికంటే పైన ఉండేది. 2021లో ఆ పద్ధతి తీసేశారు. ఎప్పుడో టిక్ కొట్టి వెళ్ళిపోయినవాళ్ళ జవాబులు పాతబడిపోయినా పైనే కూర్చుంటున్నాయని. ఇప్పుడు టిక్ ఉంటుంది, పై స్థానం మాత్రం ఓట్లను బట్టి.

వంశధార_గట్టు
పాతబడటం అంటే గుర్తొచ్చింది. మా గ్రూపులో గుణుపురం నుంచి బస్సుల టైములు పిన్ చేసి ఉన్నాయి. ఎవరు చేశారో తెలీదు, ఎప్పటివో తెలీదు. దాన్ని నమ్మి మా చుట్టాలు తెల్లవారుజామున బస్టాండ్‌కి వెళ్ళి నిలబడ్డారు. బస్సు ఆగిపోయి చాలా కాలమైందట, టీ కొట్టాయన చెప్పాడు. పైకెత్తిన మాట తప్పైతే మామూలు తప్పు కంటే ఎక్కువ చేటు, ఎందుకంటే అందరూ దాన్నే నమ్ముతారు. పిన్ చేస్తే తేదీ వెయ్యండి మహాప్రభో.

ధర్మాబాద్_మిర్చి
నేను మొదటి నుంచి చెబుతున్నది అదే. తేదీ లేని మాట సరుకు కాదు.

జైపూర్_చంద్రిక
నాగావళి గారి పద్ధతి నాకు నచ్చింది, కానీ ఈ చర్చ మొదలైన పాముకాటుకి అది పనికిరాదు. మొగుడి కాలు పట్టుకుని ఏడుస్తున్న మనిషి తీరిగ్గా ఏ జవాబు మంచిదో తేల్చదు. అక్కడ జవాబు ముందే తయారుగా ఉండాలి. పాముకాటు, కరెంటు షాకు, వరద, పిచ్చికుక్క, ఇలాంటివి ప్రతి ఏడాదీ వస్తూనే ఉంటాయి కదా. తెలిసినవాళ్ళ చేత తీరిక వేళ రాయించి పెట్టుకోవాలి. అడిగిన క్షణంలో ఎవరో ఒకరు దాన్ని ఎత్తి అక్కడ పడెయ్యాలి. వాట్సాప్‌లో మూడు మెసేజ్‌ల దాకా పిన్ చెయ్యొచ్చు, ముప్పై రోజులకి ఊడిపోతుంది, మళ్ళీ పెట్టుకోవాలి. ఊడిపోవడం కూడా మంచిదే, పెట్టేటప్పుడు ఒకసారి చదువుతారు.

కిన్వట్_సిస్టర్
సరిగ్గా చెప్పారు. రాసేవాళ్ళకి కూడా ఒక మాట. "నేను నర్సుని" అని మొదటే రాయండి, గొప్పలకి కాదు. వందమంది మధ్య ఈ మాట ఎందుకు వినాలో చదివేవాళ్ళకి తెలియాలి కదా. తర్వాత చెయ్యాల్సిన పని. ఆ తర్వాతే కారణం. మావాళ్ళు చాలామంది "నాకు తెలిసినంతవరకు, తప్పయితే క్షమించండి" అని మొదలుపెడతారు. తాడు కట్టమన్నాయన అలా మొదలుపెట్టలేదు కదా.

బల్లార్షా_జంక్షన్
ఈ ఒక్కసారి నవ్వకుండా చెబుతున్నా. సిస్టర్ చెప్పిందే ఈ చర్చలో అన్నిటికంటే పనికొచ్చేది.

కోరాపుట్_కాఫీ
ఇంకా తేలని విషయం ఒకటుంది. రెండు పక్షాలు కొట్టుకునే విషయంలో ఏది మంచి మాట? మా వైపు ఒడిశా, ఆంధ్ర రెండూ మాదంటే మాదనే కొటియా ఊళ్ళ మాట ఎత్తితే చాలు, ఒడిశా అనేవాళ్ళ లైకులు ఒకవైపు, ఆంధ్ర అనేవాళ్ళ లైకులు ఒకవైపు. నడుమ ఆ ఊరివాడు మాకు రెండు వైపుల నుంచీ రేషన్ వస్తుంది, రోడ్డు మాత్రం ఇలా ఉంది అని ఉన్నది ఉన్నట్టు రాస్తాడు. రెండు పక్షాలూ వదిలేస్తాయి.

రాయగడ_కోడర్
దీనికి ఎక్స్‌లో, అంటే పాత ట్విట్టర్‌లో, కమ్యూనిటీ నోట్స్ పద్ధతి చూడండి. 2021లో వేరే పేరుతో మొదలైంది. తప్పుడు పోస్టు కింద వివరణ రాస్తారు, దానికి మిగతా సభ్యులు పనికొచ్చిందా లేదా చెబుతారు. ఎక్కువ మంది బాగుందన్నంత మాత్రాన అది కనబడదు. మామూలుగా ఒకరితో ఒకరు ఏకీభవించని వాళ్ళు ఇద్దరూ పనికొచ్చింది అంటేనే బయటికొస్తుంది. మీ కొటియా ఆయన మెసేజ్‌కి ఒడిశా వైపు నుంచి రెండు, ఆంధ్ర వైపు నుంచి రెండు లైకులొస్తే, ఒకే వైపు నుంచి వచ్చిన నలభై కంటే దానికి విలువ ఎక్కువ.

పర్లాకిమిడి_మాస్టారు
ఇదిగో, ఈ లెక్కకి నేను ఒప్పుకుంటాను. కానీ అక్కడ కూడా ఇద్దరూ ఒప్పుకునేదాకా వివరణ ఆగిపోతుంది, ఈలోగా పుకారు ఊరు దాటేస్తుంది కదా?

రాయగడ_కోడర్
దాటేస్తుంది. ఆలస్యం అన్నది దాని మీద ఉన్న పెద్ద ఫిర్యాదే. అలా రాసిన వివరణలు చాలావరకు అసలు బయటికే రావు.

ప్రాణహిత_ఒడ్డు
మా చాపల అన్నకి రెండు వైపులా దోస్తులే. చాపలు కొనేటోళ్ళు ఇటూ అటూ ఉంటరు.

కాశీనగర్_కోడలు
మా గ్రూపు అడ్మిన్‌తో మాట్లాడాను, వరసకి నాకు చిన్న మామగారే. ముందు ఆయన ఒప్పుకోలేదు, గ్రూపు పెట్టింది నేను, నియమాలు మీరు పెడతారేంటి అన్నారు. సిస్టర్ రాసింది చదివి వినిపించాక పిన్ చేశారు, వంశధార గారన్నట్టు తేదీతో సహా. ఆ నర్సమ్మని కూడా అడ్మిన్ చేశారు. పొద్దున్న గుడ్ మార్నింగ్‌లకి వేరే గ్రూపు పెడదామంటే మాత్రం ససేమిరా అన్నారు. రోజూ మొదటి గుడ్ మార్నింగ్ ఆయనదేలెండి. నాగావళి గారి నియమం ఎలా మొదలుపెట్టాలో అర్థం కావట్లేదు. జనం తిరిగొచ్చి రాస్తారా?

నాగావళి_తీరం
మొదట్లో రాయరు. మీరే వెళ్ళి అడగాలి, "అప్పుడు కులధ్రువీకరణ పత్రం గురించి అడిగారు కదా, ఎవరి మాట పనికొచ్చింది?" అని. కొన్నాళ్ళు ఒకరు ఈ పని పట్టుకుంటే తర్వాత అలవాటవుతుంది. మా దగ్గర ఈ పని ఇద్దరం పంచుకున్నాం. విసుగ్గానే ఉంటుంది, దాచేదేముంది.

పర్లాకిమిడి_మాస్టారు
కోడలమ్మా, ఆ పని నాకప్పగించండి. రిటైరయ్యాను, ఫోన్లు చేసి జనాన్ని విసిగించడం నాకిష్టం.

బరంపురం_బుల్లోడు
మాస్టారూ, ఫోన్ చేసి కూడా వ్యాకరణం దిద్దకండి, మళ్ళీ ఎవరూ ఏమీ అడగరు.

మోటు_సంగమం
పడవ పెద్దాయనకి ఈ చర్చ చదివి వినిపించిందట మనవరాలు. ఆయన జవాబుగా వాయిస్ పెట్టాడు, ఆరు నిమిషాలు. ఆ పిల్లకి పరీక్షలు. ఈసారి వినేదెవరు?

కిన్వట్_సిస్టర్
నాకు పంపండి. ఈ వారం నైట్ డ్యూటీ.